అడవి అంచున వేటకుక్క: ఇంటి పెంపకం మీద చర్చ ఎంతదాకా వచ్చింది?

ఖమ్మం దాటి భద్రాచలం వైపు సాగే కొద్దీ ఊరూ అడవీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. కొత్తగూడెం సింగరేణి క్వార్టర్లు, పాల్వంచ, సారపాక, మణుగూరు కాలనీలు, దమ్మపేట, అశ్వారావుపేట పామాయిల్ తోటలు, ఎక్కడి నుంచి బయలుదేరినా కాసేపట్లోనే టేకు చెట్లు, వెదురు పొదలు ఎదురవుతాయి. ఈ పట్టణాల ఇళ్ళలో లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, కాకర్ స్పానియల్ ఇప్పుడు మామూలు పెంపుడు కుక్కలైపోయాయి. అక్కడక్కడా పాయింటర్లూ వస్తున్నాయి. పిల్లలతో ఆడుకునే ఈ కుక్కలన్నీ పుట్టుకతో వేటకుక్కలు.

ఇంత చురుకైన జాతిని కుటుంబంలో పెంచవచ్చా అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. జాతి లక్షణం మారదు, తేవద్దంటారు కొందరు. అంతా పెంపకంలోనే ఉందంటారు మరికొందరు. విదేశీ కుక్క ఎందుకు, మన నేల కుక్క లేదా అని స్వదేశీ జాతుల అభిమానులు నిలదీస్తారు. అసలు అడవి పక్కన ఏ కుక్కనూ వదలకూడదన్నది వన్యప్రాణి సంరక్షకుల మాట. నలుగురూ నాలుగు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతుండటంతో చర్చ చిక్కుపడింది. ఎవరి వాదనలో ఎంత బలముందో, ఏది తేలిందో, ఏది తేలలేదో విడివిడిగా చూడాల్సిన సమయమిది.

ఏవి ఈ కుక్కలు?

తుపాకీ పట్టిన వేటగాడి వెంట పనిచేసేందుకు ఐరోపాలో తరతరాలుగా ఎంచి పెంచిన జాతులను గన్‌డాగ్‌లు అంటారు. వీటి పని మూడు తీర్లు. పాయింటర్, సెట్టర్ జాతులు పిట్ట ఎక్కడ నక్కిందో వాసన పట్టి చూపిస్తాయి. స్పానియల్‌లు పొదల్లో దూరి పిట్టను పైకి లేపుతాయి. రిట్రీవర్‌లు తుపాకీ దెబ్బకు పడిన పిట్టను పన్ను దిగనీయకుండా నోట కరుచుకొచ్చి చేతికిస్తాయి.

పాయింటర్ గడ్డిలో అడ్డదిడ్డంగా పరుగు తీస్తూ తీస్తూ ఉన్నట్టుండి కొయ్యబారిపోతుంది. ముక్కు ముందుకు సాగుతుంది, ముందుకాలు ఒకటి మడిచి గాలిలో ఆగుతుంది, తోక వెన్నుకు సమంగా బిగుసుకుంటుంది. డొక్కలో ఊపిరి తప్ప ఇంకేమీ కదలదు. ఇది ఎవరూ నేర్పిన విద్య కాదు. దారానికి ఈక కట్టి ఊపితే రెండు నెలల పాయింటర్ పిల్ల కూడా అలాగే నిలబడటం కద్దు.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన తేడా ఒకటుంది. ఈ మూడు రకాలూ మనిషికి ఒకే దూరంలో పనిచేయవు. రిట్రీవర్ ఆజ్ఞ వచ్చేదాకా వేటగాడి పక్కనే కూర్చోవాలి. స్పానియల్ తుపాకీ గుండు అందే దూరం దాటకూడదు. పాయింటర్ మాత్రం వందల మీటర్లు ముందుకు వెళ్ళి వెతకాలి. ‘చురుకైన జాతి’ అని అన్నింటినీ ఒకే గాటన కట్టడం వల్లే చర్చలో సగం గందరగోళం పుట్టింది. బీగిల్, గ్రేహౌండ్, ముధోల్ ఈ కోవలోకి రావు. అవి వాసన పట్టో, కంటితో చూసో జంతువును తరిమే జాతులు.

వేట పోయింది, కుక్క మిగిలింది

లాబ్రడార్ పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్లాండ్ చేపల పడవల్లో పనిచేసిన నీటికుక్కలు. బ్రిటన్ జమీందారులు వాటిని తెచ్చుకుని పిట్టల వేటకు తీర్చుకున్నారు. 1903లో అక్కడి కెన్నెల్ క్లబ్ లాబ్రడార్‌ను ప్రత్యేక జాతిగా గుర్తించింది. గోల్డెన్ రిట్రీవర్ వంశం 1868లో స్కాట్లాండ్‌లోని గిసాకన్ ఎస్టేట్‌లో, లార్డ్ ట్వీడ్‌మౌత్ చేయించిన సంకరంతో మొదలైంది. ఈ రెండూ 20వ శతాబ్దంలో వేట మైదానం వదిలి ఇంటి వరండాలోకి వచ్చాయి. అమెరికన్ కెన్నెల్ క్లబ్ నమోదుల్లో 1991 నుంచి 2021 దాకా, వరుసగా 31 ఏళ్ళు, లాబ్రడార్‌దే మొదటి స్థానం.

మన దేశంలో ఈ మార్పుకు చట్టం కూడా తోడైంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు తెరదించింది. కుక్కలతో షికారు చేసిన కాలం పోయి, కుక్కలను పెంచుకునే కాలం వచ్చింది.

ఈ ప్రాంతానికి మరో చరిత్ర కూడా ఉంది. కోయ, కొండరెడ్డి గూడేల్లో కుక్క ఎప్పటి నుంచో పనికుక్కే. పోడు చేనుకు కావలి, మేకలకు కాపు, వేటకు తోడు. భూమి పండుగ రోజుల్లో మగవాళ్ళంతా కలిసి వేటకు వెళ్ళడం కోయల ఆనవాయితీ. 2006 అటవీ హక్కుల చట్టం సంప్రదాయ హక్కులను చాలావరకు గుర్తించినా, వేటను మాత్రం స్పష్టంగా మినహాయించింది. అంటే పట్టణం ఇంటి లాబ్రడార్‌కైనా, గూడెం కుక్కకైనా వేట పని ఇప్పుడు చట్టవిరుద్ధమే. చర్చ మొత్తానికీ మూలం ఇదే. పని కోసం తయారైన ప్రాణికి ఆ పని లేకుండా పోతే దాని శక్తి ఎటు పోవాలి?

మొదటి వాదం: పుట్టుక బుద్ధి పోదు

ఈ వర్గం వంశాన్ని నమ్ముతుంది. వందల ఏళ్ళు ఒకే గుణం కోసం ఎంచి పెంచిన జాతిలో ఆ గుణం ఇంటి గోడల మధ్య మాయమైపోదని వీరి మాట. పనిలేని వేటకుక్క చెప్పులు కొరుకుతుంది, తోట తవ్వుతుంది, గేటు సందు దొరికితే పరారవుతుంది. యజమాని దాన్ని మొండితనమనుకుంటాడు. నిజానికి అది ఖర్చుకాని శక్తి.

ఈ వాదానికి శాస్త్రం మద్దతు ఉంది. 101 జాతులకు చెందిన 14 వేలకు పైగా కుక్కల ప్రవర్తన వివరాలను జన్యు సమాచారంతో పోల్చి 2019లో ప్రచురించిన అధ్యయనం, జాతికీ జాతికీ మధ్య కనిపించే తేడాల్లో వంశపారంపర్యం వాటా పెద్దదేనని చూపింది. తరిమే గుణం, శిక్షణకు లొంగే గుణం అలాంటివాటిలో ఉన్నాయి.

రెండవ వాదం: పెంపకమే ప్రధానం

రెండో వర్గం చేతిలో 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఉంది. 18 వేలకు పైగా కుక్కల యజమానులను ప్రశ్నించి, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులు పరిశీలించిన ఆ బృందం, ఏ ఒక్క కుక్క ప్రవర్తనలోనైనా జాతి వివరించగలిగేది సగటున 9 శాతమేనని తేల్చింది. ‘లాబ్రడార్ అంటే సాధువు, పాయింటర్ అంటే పిచ్చి పరుగు’ అనే లేబుళ్ళు నమ్మవద్దని ఈ వర్గం చెబుతుంది. మొదటి మూడు నాలుగు నెలల్లో పిల్లకు ఏం చూపించాం, ఏం నేర్పాం, ఇంట్లో ఎంతసేపు తోడున్నాం అన్నవే దాన్ని తీర్చిదిద్దుతాయంటుంది.

ఈ రెండు అధ్యయనాలూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయని చాలామంది అనుకుంటారు. అలా కాదు. మొదటిది జాతుల సగటులను పోల్చింది. రెండోది విడి విడి కుక్కలను చూసింది. వెయ్యి మంది పాయింటర్లు తెచ్చుకుంటే ఎక్కువ ఇళ్ళలో పరుగే ఎదురవుతుంది. మీ ఇంటికొచ్చిన ఒక్క పాయింటర్ ఎలా ఉంటుందో మాత్రం ముందుగా చెప్పలేం. పైగా రెండో అధ్యయనంలోనూ మాట వినడం, విసిరింది తెచ్చివ్వడం లాంటి గుణాల్లో వారసత్వం బలంగానే కనిపించింది. గన్‌డాగ్‌లను ఎంచిందే ఆ గుణాల కోసం.

మూడవ వాదం: మన నేల కుక్కే మేలు

స్వదేశీ జాతుల వాదం కొన్నేళ్ళుగా బలపడింది. తపాలా శాఖ 2005లో ముధోల్, రాజపాళయం, రాంపూర్ హౌండ్, హిమాలయన్ షీప్‌డాగ్ బొమ్మలతో బిళ్ళలు విడుదల చేసింది. 2020 ఆగస్టు 30న ‘మన్ కీ బాత్’లో ప్రధాని దేశీ జాతులను పెంచుకోమని కోరారు. తెలుగు నేలకూ సొంత కుక్కలున్నాయి. కొల్లేరు, కృష్ణా, గోదావరి జిల్లాల్లో బాతుల మందలు కాసిన జోనంగి, కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గర పందికోన కుక్కలు ప్రసిద్ధి. బాతుల పెంపకం పోయి చేపల చెరువులు పెరిగాక జోనంగికి పని తగ్గింది, సంఖ్యా తగ్గింది.

పొట్టి వెంట్రుకలు, తేలికైన ఒళ్ళు, ఎండకు అలవాటు, ఇవన్నీ ఈ వాదానికి అనుకూలం. కానీ స్వదేశీ అన్నంత మాత్రాన నెమ్మదైన కుక్క అనుకోవడం పొరపాటు. ముధోల్, కారవాన్ జాతులు కదిలే జంతువును చూస్తే ఆగలేవు. కుందేలు లేచిన క్షణంలో యజమాని పిలుపు వాటి చెవికెక్కదు. పందికోన కుక్కలకు కావలి గుణం మెండు, కొత్తవాళ్ళను దరికి రానివ్వవు. అడవి అంచున ఉండే చిన్నపిల్లల ఇంటికి రిట్రీవర్ కన్నా ఇవే కష్టం కావచ్చు. ఈ వాదంలో బాగా నిలబడేది ఊరకుక్క సంగతి. వేట కోసం పనిగట్టుకుని ఎంచి పెంచినది కాదు, వాతావరణానికి అలవాటుపడినది, దత్తతకు సులభంగా దొరికేది.

నాలుగవ వాదం: అడవి మాట

పై మూడు వాదాలూ ఇంట్లో నిలబడి మాట్లాడతాయి. నాలుగోది అడవిలో నిలబడి మాట్లాడుతుంది. దేశంలో కుక్కల దాడులకు గురైన వన్యజాతుల వివరాలు సేకరించి 2018లో ప్రచురించిన పరిశీలనలో 80 జాతులు లెక్కకొచ్చాయి. వాటిలో 31 ప్రపంచవ్యాప్తంగా ముప్పు అంచున ఉన్నవి. పాల్వంచ పక్కన సుమారు 635 చదరపు కిలోమీటర్ల కిన్నెరసాని అభయారణ్యం ఉంది. దుప్పి, కణుజు, ఎలుగు, ఉడుము, నెమలి తిరిగే ఇలాంటి చోట పట్టు వదిలిన వేటకుక్క ఏం చేస్తుందో ఊహించడం కష్టం కాదు.

కరవడం ఒక్కటే ప్రమాదం కాదు. కుక్కల డిస్టెంపర్ వైరస్ 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటి సింహాల్లో మూడో వంతును పొట్టన పెట్టుకుంది. 2018లో గిర్ సింహాల మరణాల్లోనూ అదే వైరస్ బయటపడింది. టీకా వేయించని పెంపుడు కుక్క అడవికి రోగం మోసుకెళ్ళగలదు.

చట్టం కూడా ఇటే మొగ్గుతుంది. 1972 చట్టంలో వేట నిర్వచనం చంపడంతో ఆగిపోలేదు. వెంబడించడం, తరమడం, అందుకు ప్రయత్నించడం కూడా వేటే. ‘నా కుక్క ఊరికే తరిమింది, పట్టలేదుగా’ అంటే చెల్లదు. నెమలి, ఉడుము, అలుగు చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి.

అడవి కూడా కుక్కకు అంతే ప్రమాదం. మహారాష్ట్రలోని అకోలే ప్రాంతంలో చిరుతల ఆహారాన్ని పరిశీలిస్తే, తిన్న మాంసం బరువులో 39 శాతం పెంపుడు, వీధి కుక్కలదేనని తేలింది. మన అంచు గ్రామాల్లో అడవిపందుల కోసం చేలచుట్టూ పెట్టే కరెంటు తీగలు, ఉచ్చులు, ఎరలో దాచిన నాటుబాంబులు మనుషుల ప్రాణాలే తీస్తున్నాయి. ఏది దొరికితే అది నోట కరిచి తేవడమే స్వభావమైన రిట్రీవర్‌కు ఎరలో దాచిన బాంబును మించిన గండం లేదు. ఎలుగును రెచ్చగొట్టిన కుక్క భయపడి యజమాని కాళ్ళ దగ్గరికే పరుగెత్తుకొస్తుంది, వెనకే ఎలుగు వస్తుంది.

అందరూ ఒప్పుకునే మూడు సంగతులు

ఏ వర్గానికి చెందినవారైనా కాదనలేనివి మూడున్నాయి.

మొదటిది ఎండ. కొత్తగూడెం, భద్రాచలం, ఖమ్మంలో మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. కుక్కకు వేడి తగ్గించుకునే ప్రధాన మార్గం వగర్చడమే. గోదావరి గాలిలో తేమ పెరిగితే ఆ దారీ మూసుకుపోతుంది. బ్రిటన్ లాంటి చల్లని దేశంలోనే, తొమ్మిది లక్షలకు పైగా కుక్కల వైద్య రికార్డుల్లో వడదెబ్బ కేసులు చూస్తే, దాదాపు నాలుగింట మూడు వంతులు వ్యాయామం వల్లే వచ్చాయి. ఇక్కడ ఇంకెంత జాగ్రత్త కావాలి! నాలుక వెడల్పై పక్కకు వేలాడటం, చొంగ జిగటగా తీగలు సాగడం, చిగుళ్ళు ఇటుకరంగుకు తిరగడం, వెనకకాళ్ళు తూలడం, ఈ వరుసలో ముప్పు ముదురుతుంది. వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళంతా నీళ్ళు పోసి, గాలి తగిలేలా చేసి, ఆ తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. చల్లటి నీళ్ళు పోయకూడదన్న పాత సలహాను పశువైద్యులు ఇప్పుడు పక్కన పెట్టారు.

రెండవది తిండి. బ్రిటన్ లాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతుకు ఆకలి తీరినట్టు తెలియనీయని జన్యులోపం ఉందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు కనుగొన్నారు. 48 లాబ్రడార్లను జీవితాంతం గమనించిన మరో ప్రయోగంలో, 25 శాతం తక్కువ తిన్న సగం కుక్కలు సుమారు 13 ఏళ్ళు బతికాయి. మిగతావి 11.2 ఏళ్ళు. కీళ్ళనొప్పులూ తక్కువ తిన్నవాటికి ఆలస్యంగా వచ్చాయి. అడిగినప్పుడల్లా పెరుగన్నం పెట్టే ప్రేమ కుక్క ఆయుష్షు తగ్గిస్తుంది.

మూడవది గొలుసు. 1960 జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షను, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం ఇవ్వకపోవడాన్ని నేరంగానే లెక్కిస్తుంది. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కానీ 1960లోనే చట్టం ఈ బాధను గుర్తించిందన్న సంగతి మరవకూడదు.

పోల్చి చూస్తే

అడవి అంచు కుటుంబం దృష్టితో ఈ రకాలను ఇలా బేరీజు వేయవచ్చు.

* లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్: మనిషికి దగ్గరగా పనిచేసే గుణం, పిల్లలతో ఓర్పు వీటి బలం. ఎండ, ఊబకాయం, దొరికింది నోట పెట్టే అలవాటు బలహీనత. ఉదయం, రాత్రి సమయం ఇవ్వగలిగితే సాధ్యం.
* కాకర్ స్పానియల్: చిన్న ఒళ్ళు, మధ్యస్థమైన వ్యాయామం. వేలాడే చెవుల్లో, వెంట్రుకల్లో గోమార్లు దాక్కుంటాయి. రోజూ వేళ్ళతో వెతికే ఓపిక కావాలి.
* పాయింటర్ జాతులు: దూరంగా పరుగెత్తడమే వాటి పని. పట్టు వదలడానికి వీల్లేని చోట వాటికి న్యాయం చేయడం చాలా కష్టం.
* ముధోల్, కారవాన్: ఎండకు గట్టివి. తరిమే గుణం వల్ల అడవి పక్కన అన్నింటికన్నా ప్రమాదకరం. ఎత్తయిన ప్రహరీ ఉన్న పెద్ద స్థలం లేనిదే వద్దు.
* ఊరకుక్క: వాతావరణానికి అనువైనది, ఖర్చు తక్కువ. టీకాలు, కుటుంబ నియంత్రణ, రాత్రి లోపల కట్టివేయడం దీనికీ తప్పనిసరి.

తేలనివి

వ్యాయామం లెక్క ఇంకా కుదరలేదు. లాబ్రడార్‌కు రోజుకు రెండు గంటలకు పైగా కావాలని బ్రిటన్ కెన్నెల్ క్లబ్ సూచిస్తుంది. అది చల్లని దేశపు లెక్క. మే నెలలో తెల్లవారుజామున ఐదింటికే ఉక్కపోసే చోట అంత నడిపించడం మేలా, కీడా? ముక్కుతో చేసే పని సగం పరుగుకు సమానమని శిక్షకులు అంటున్నారు. పాత బట్టలో వేరుశనగలు చుట్టి ఇల్లంతా దాచి వెతికించడం, అన్నం గిన్నెలో పెట్టకుండా పెరట్లో చల్లి ఏరించడం లాంటివి వేసవిలో నడకకు బదులు కాగలవన్నది వారి నమ్మకం. ఎంతవరకు బదులవుతాయన్న దానిపై ఏకాభిప్రాయం లేదు.

కుటుంబ నియంత్రణ వయసు మీదా వాదన సాగుతోంది. మొదటి ఏడాది లోపే ఆపరేషన్ చేయిస్తే రిట్రీవర్‌లలో కీళ్ళ జబ్బులు పెరుగుతున్నాయని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 2013 నుంచి చెబుతున్నారు. వీధికుక్కల సంఖ్య తగ్గాలంటే ముందే చేయించాలని సంక్షేమ సంఘాలు అంటున్నాయి. పెద్ద జాతులకు, ఊరకుక్కలకు ఒకే నియమం పెట్టవచ్చా అన్నదే అసలు ప్రశ్న.

మూడోది న్యాయానికి సంబంధించినది. అడవి దగ్గర కుక్క తిరగకూడదంటే ఆ నియమం మొదట ఎవరి మీద పడుతుంది? కాలనీ కారులో విహారానికి తీసుకొచ్చిన గోల్డెన్ రిట్రీవర్ మీదా, మేకల వెంట నడిచే గూడెం కుక్క మీదా? గూడెం కుక్కకు టీకా వేయకుండా, దాని యజమానికి ప్రత్యామ్నాయం చూపకుండా శిక్ష మాత్రం ముందుగా అక్కడికే చేరితే అది సంరక్షణ అనిపించుకోదు.

నాలుగోది కొనుగోలు చోట ఉంది. 2017 కుక్కల సంతానోత్పత్తి, విక్రయ నిబంధనల ప్రకారం బ్రీడరు నమోదు చేసుకోవాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఈ రెండింటినీ అడిగే కొనుగోలుదారు అరుదు. తల్లిదండ్రులు వేట వంశమా, ప్రదర్శన వంశమా అని అడిగేవారు ఇంకా అరుదు. ఒకే లాబ్రడార్ జాతిలో ఈ రెండు వంశాల చురుకుదనానికీ చాలా తేడా ఉంటుంది.

ఎటు మొగ్గాలి?

నాలుగు వాదాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. అడవి అంచున ఉన్న విశాలమైన ఖాళీ చూసి, చురుకైన కుక్కకు ఇదే స్వర్గమని జనం అనుకుంటారు. నిజం దానికి పూర్తిగా ఎదురు. నగరంలో కంచె వేసిన మైదానంలో వదలగలిగిన కుక్కను కూడా ఇక్కడ వదలలేం. చట్టం ఒప్పదు, అడవి ఒప్పదు, కరెంటు తీగ ఒప్పదు. అందుకే ఇక్కడ జాతిని ఎంచుకునేటప్పుడు చూడాల్సింది దాని చురుకు కన్నా, మనిషికి ఎంత దగ్గరలో పనిచేయడానికి అది పుట్టిందన్నది. ఆ కొలతకు రిట్రీవర్, స్పానియల్, ఊరకుక్క నిలుస్తాయి. పాయింటర్, తరిమే హౌండ్ నిలవవు.

ఎంపిక తర్వాత బాధ్యత మొదలవుతుంది. ఊరు దాటితే పట్టుతాడు తప్పనిసరి. రేబిస్, డిస్టెంపర్, వరద ముంపు ఉన్నచోట లెప్టోస్పైరోసిస్ టీకాలు వేయించాలి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. నీళ్ళంటే ప్రాణమిచ్చే రిట్రీవర్‌ను అలాంటి వరద నీటికి దూరంగా ఉంచాలి. ఇంట్లో కనీసం ఒక్కరు రోజూ పొద్దున, రాత్రి దానికి పని చెప్పాలి. ఆ సమయం ఇవ్వగలిగిన ఇంట్లో వేటకుక్క మంచి సహచరి. ఇవ్వలేని ఇంటివాళ్ళు దాన్ని తెచ్చుకోకుండా ఉండటమే ఆ కుక్కకు చేసే మేలు. పిల్లను ఎంచుకునే ముందు ఇంట్లో తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఆ పని ఎవరిది, ఏ వేళకు?